మొహమాటం భయంలో చేరుతుందా?

2018 ఫిబ్రవరి ఇరవై రెండు, గురువారం. ఫ్రిస్కోలో ఆ వారమంతా వాన. టెక్సస్ ఆకాశం మామూలుగా ఏ పనీ సగంలో ఆపదు. ఎండ గానీ వాన గానీ తేల్చుకునే వెళ్తుంది. ఆ రోజు మాత్రం ఎటూ తేలని సన్నటి చలివాన పడుతూ, నేలను తాకినచోటల్లా గాజుపొరలా బిగుసుకుంటోంది. మా అమ్మాయి లలిత ఆఫీసుకు వెళ్లకుండా మేడమీద గదిలో పని చేసుకుంటోంది. నేను ముందుగది కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కాఫీ చల్లారుతున్నా పట్టించుకోకుండా వీధి చూస్తున్నాను. ఆ వీధిలో చూడడానికి ఏమీ ఉండదన్నది వేరే సంగతి. ఈ ఊళ్లో మనుషులు గరాజుల్లోంచి కార్లలోకి, కార్లలోంచి గరాజుల్లోకి మారుతారే తప్ప వీధిలోకి రారు.

అందువల్లనే నా దగ్గర తెలుగు నేర్చుకునే దమయంతి నడిచి రావడం చాలా దూరం నుంచే నా కంటబడింది. గొడుగు లేదు. తలమీద చున్నీ కప్పుకుని, జారకుండా గడ్డి అంచున అడుగులు వేస్తూ వచ్చింది. తలుపు తీశాను. చెప్పులు విడిచి, నేను కూర్చోమనకముందే, తడి మొహం తుడుచుకోకముందే అడిగింది.

"మాస్టారూ, మొహమాటం భయంలో చేరుతుందా, చేరదా?"

పార్వతీపురం ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. పిల్లలు నన్ను అడిగిన ప్రశ్నలన్నీ పరీక్షలో ఎన్ని మార్కులకు వస్తుందన్న దగ్గరే ఆగిపోయేవి. ఇలాంటి ప్రశ్న వినడానికి సముద్రాలు దాటి రావలసివచ్చింది. సంతోషించాను. ఆ ప్రశ్న వెనుక ఒక మనిషి బతుకు వేలాడుతోందని అప్పటికి నాకు తెలియదు.

దమయంతిది జగిత్యాల. తండ్రి బస్ డిపోలో మెకానిక్కు. బీయస్సీ పూర్తవుతూనే అమర్‌నాథ్‌తో పెళ్లయి ఈ దేశం వచ్చింది. భర్త వీసా నీడలో వచ్చిన భార్యలకు అప్పట్లో పని చేసే హక్కు లేదు. చాలా ఏళ్లు ఆమె వంటచేసి, పాపను పెంచి, ఎదురింటి వాళ్ల గడ్డి కోసే యంత్రం చప్పుడు వింటూ గడిపింది. ఆ తర్వాత కొందరు భార్యలకు పని చేయడానికి అనుమతి వచ్చింది. ఆమె ఎన్నుకున్న పని దుబాసీతనం. ద్విభాషి అన్న మాట జనం నోళ్లలో నలిగి దుబాసీ అయింది. నలిగిన మాటలే నాకు ఎప్పుడూ ఇష్టం. నలిగిన మాటకు మనిషి చెయ్యి తగిలినట్టు ఉంటుంది.

ఆస్పత్రుల నుంచి, కోర్టుల నుంచి, బడుల నుంచి, సహాయ సంస్థల నుంచి ఆమె ఏజెన్సీకి ఫోన్లు వచ్చేవి. ఇంగ్లీషు రాని తెలుగువాళ్లు ఒకవైపు, తెలుగు రాని అధికారులు మరొకవైపు, నడుమ ఈమె గొంతు. ఇంట్లో చప్పుడు వినిపించకూడదు కనుక బట్టల క్లోజెట్‌లో కూర్చునేది. చీరలు చప్పుడును పీల్చుకుంటాయట. కంచిపట్టు చీరల నడుమ చిన్న ముక్కాలిపీట వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, దేశమంతటి తెలుగువాళ్ల రోగాలూ తగాదాలూ అక్కడ కూర్చునే మాట్లాడేది.

ఆ వృత్తి నియమాలు నాకు ముచ్చట గొలిపేవి. ఎదుటి మనిషి 'నేను' అంటే ఈమె కూడా 'నేను' అనాలి. 'ఆవిడ అంటోంది' అనకూడదు. "పొద్దున నేను నిండు గర్భిణిని మాస్టారూ, మధ్యాహ్నం డెబ్బై ఏండ్ల గుండెజబ్బు పేషెంట్‌ని, సాయంత్రం కార్ గుద్దుకున్న పిలగాణ్ణి" అని నవ్వేది. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట వదలకూడదు. తనకు తెలిసినవాళ్లు లైన్‌లో ఉంటే వెంటనే చెప్పి తప్పుకోవాలి. ఆమెకున్న స్వేచ్ఛ ఒకటే: ఎక్కడైనా మాట అటునుంచి ఇటు పూర్తిగా రాలేదనిపిస్తే, ఆపి, 'దుబాసీ వివరణ కోరుతోంది' అనవచ్చు. విన్నది చెప్పాక కూడా, పొరపాటు జరిగిందని తోస్తే పై అధికారికి ఫోన్ చేసి దిద్దుకోవచ్చు. దిద్దుకునే అవకాశం ఇచ్చే వృత్తులు లోకంలో ఎన్ని ఉన్నాయి? మా వృత్తిలో ఎర్రసిరా పిల్లల తప్పులకే గాని మా తప్పులకు లేదు.

శనివారాలు ఊరి లైబ్రరీలో నేను తెలుగు చెప్పేవాణ్ణి. పిల్లలు అరగంటలో పారిపోయేవారు, దమయంతి మిగిలేది. ఆమెకు కావలసినవన్నీ శరీరానికీ మనసుకూ సంబంధించిన మాటలు. సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు. వైద్యుడు అడిగేది ఒక్క నొప్పి గురించే. ఒక శనివారం భయం దగ్గరకు వచ్చాం, ఆ తర్వాత చాలా శనివారాలు అక్కడే ఉండిపోయాం.

భయం తత్సమం. దేశంలో సగం భాషలకు అర్థమయ్యే మాట. అందరికీ అందుతుంది, ఎవరి ఒంటికీ సరిగ్గా అమరదు, అద్దె దుస్తుల్లాగ. మన సొంత కుట్టు మాటలు వేరే ఉన్నాయి. మొదటిసారి హైవే ఎక్కేటప్పుడు స్టీరింగ్ మీద చేతులకు కలిగేది బెరుకు. నాలుగుసార్లు వెళ్తే పోతుంది. జంకు పాదానిది: వెయ్యబోయిన అడుగు ఆగిపోతుంది. బెదురు పశువుది. మా పెరటి వెనుక కాలువ గట్టున లేడి చెవులు నిక్కబొడుచుకుని చూసే చూపు అది. మనిషిని బెదిరించేవాడు ఆ మనిషిని పశువు చేస్తున్నాడన్నమాట. సుడిగాలి సైరను మోగినప్పుడు పిల్లలు హడలిపోతారు. మరునాడు నిద్రలో వాళ్లకు కనిపించేది జడుపు. వీసా కాగితం రావలసిన రోజుల్లో పోస్టుడబ్బా వైపు నడుస్తూంటే కడుపులో కదిలేది గుబులు. ఆ కాగితం రాదని తేలిపోయాక మిగిలేది దిగులు. అందులో భయం అయిపోయి మడ్డి మాత్రం ఉంటుంది. వెరపు అన్న అందమైన మాట ఉండేది. ఇప్పుడు దాన్ని పలికేవాళ్లు లేరు, భయాలన్నీ ఉన్నాయి.

"మా అమ్మ బుగులు అంటది మాస్టారూ" అంది దమయంతి ఒకసారి. "బుగులైతంది బిడ్డా, అంటది. అదెక్కడొస్తది మీ లెక్కల?"

నా ఉత్తరాంధ్ర చెవికి అది కొత్త. గుబులుకు అక్కో చెల్లెలో కావచ్చునన్నాను.

"కాదు. గుబులు లోపల ఉంటది. బుగులు ఇల్లంతా ఉంటది. ఇంట్ల ఒక్కరికుంటే అందరికీ అంటుతది."

పరాజయం ఒప్పుకున్నాను. మాట తెలిసినవాళ్ల దగ్గర ఓడిపోవడంలో ఒక సుఖం ఉంది.

ఇక ఆ గురువారానికి వస్తాను. తువ్వాలు ఇచ్చి, కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, మహదానందంగా ఉపన్యాసం మొదలుపెట్టాను.

"చేరుతుందమ్మా. ఎదుటివాడి చేతిలో కర్ర చూసి నోరు మూసుకుంటే భయమంటాం. ఎదుటివాడు పెట్టిన అన్నం చూసి నోరు మూసుకుంటే మొహమాటమంటాం. రెండు చోట్లా మూసుకున్నది ఆ నోరే కదా? భయానికి పట్టుబట్టలు కడితే మొహమాటం."

"ఇంగ్లీషుల ఏమంటరు?"

"అనరు. ఆ జాతికి ఆ జబ్బు లేదు."

మామూలుగా నవ్వవలసిన చోటు. ఆమె నవ్వలేదు. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "నేను అక్వర్డ్ అని చెప్పిన" అంది. "ఐ జస్ట్ ఫీల్ అక్వర్డ్ అరౌండ్ దెమ్. డిక్షనరీల చూస్తే తప్పు కాదు మాస్టారూ."

తర్వాత, పేర్లు లేకుండా, చెప్పింది. తెలుగువాళ్ల ఇంట్లో వంటచేసే ఒకావిడ. బంధువనే పేరుమీద ఇండియా నుంచి తెచ్చుకున్నారు. రోడ్డు పక్కన ఎండలో వానలో ఆమె ఒక్కతే సరుకుల సంచులు మోసుకుంటూ నడవడం పక్కింటి అమెరికనావిడ చూసి, ఒక సహాయ సంస్థకు చెప్పింది. ఆ సంస్థ మనిషి ఆ ఉదయమే, ఇంటివాళ్లు లేని సమయం చూసి వచ్చి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి ప్రశ్నలు అడిగింది. పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉంది? వాళ్ల లాకర్‌లో. ఎప్పుడైనా అడిగావా? లేదు. ఇంటికి వెళ్తానన్నావా? అన్నాను, వచ్చే ఏడాది అన్నారు. ఆ మాట ఎప్పుడన్నారు? కిందటేడు, అంతకుముందూ.

"లాస్ట్ క్వశ్చన్ ఒకటే. ఈ ఇంట్లవాళ్లంటే నీకు భయమా? ఔనంటే ఇప్పుడే నాతో కార్ల తీస్కపోత, సంచి కూడ సర్దుకోనవసరం లేదు, అని."

"ఏమంది?"

"'భయ' దాక అన్నది. ఆగిపోయింది. నేను క్వశ్చన్ మళ్ల చెప్పిన, వినపడలేదేమో అని. అప్పుడు 'భయం ఎందుకమ్మా, మొహమాటం, అంతే' అన్నది."

"అమ్మా అందా?"

"అడిగింది తెల్లామె. 'అమ్మా' అన్నది నన్ను."

దుబాసీ గొట్టం లాంటిది. గొట్టాన్ని పలకరించేవాళ్లు ఉండరు. అంతకుముందు సమాధానాల్లో ఎక్కడా లేని 'అమ్మా' అక్కడెందుకు వచ్చిందో నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. "ఆమె నిన్ను ఎరుగునా?" అన్నాను. దమయంతి కిటికీ వైపు చూసింది.

"ఆపి వివరణ అడగాల్సింది" అంది చివరకు. "మొహమాటమంటే మా దగ్గర ఇట్ల, ఇంకోసారి అడగండి అని ఒక్క ముక్క. నోరు రాలే. ఇంక టైమ్ ఉంది. ఫైలు వచ్చే గురువారం దాక తెరిచే ఉంచుతనన్నది తెల్లామె. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి ఆ మాట సరిగ పడలేదని చెప్తే, వేరే దుబాసీతో మళ్ల అడుగుతరు. కని, ముందు నన్నడుగుతరు, ఆమె నీకు తెలుసా, ఎందుకు అప్పుడే చెప్పలే అని. చెప్పాలె. చెప్తే, ఎవరిండ్లు, ఏంది, అన్నీ... అమర్‌కు తెలిస్తే చంపుతడు" అని, వెంటనే, "అంటే, ఉత్తగనే అంటున్న" అంది.

ఫోన్ చెయ్యమన్నాను. చేస్తానంది. వెళ్లేటప్పుడు గొడుగు ఇచ్చాను, తీసుకోవడం మరచిపోయింది.

ఆదివారం భీమశంకర్ గారింట్లో సత్యనారాయణ వ్రతం. భీమశంకర్‌ది ఐటీ కన్సల్టెన్సీ. మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో చాలామంది వీసాలు ఆయన కంపెనీ పేరుమీదే నడిచేవి. అమర్‌నాథ్‌దీ అంతే, గ్రీన్‌కార్డు దరఖాస్తు కూడా ఆయన చేతిలోనే ఉంది. ఆ కంపెనీ కాదంటే అరవై రోజుల్లో మరో ఉద్యోగం వెతుక్కోవాలి, లేదా ఇల్లూ పాప బడీ వదిలి విమానం ఎక్కాలి. భీమశంకర్ దుర్మార్గుడని ఎవరూ అనరు. పెద్దలు కనిపిస్తే వంగి కాళ్లకు దండం పెడతాడు. నాకూ పెట్టాడు.

ఆయన భార్య ఉష ఇంట్లో వాసన పట్టకుండా గరాజులో రెండో స్టవ్ పెట్టించింది. వంట అంతా అక్కడే. అక్కడి నుంచి గిన్నెలు మోసుకొస్తున్న మనిషిని నేను అంతకుముందు కూడా చూశాను గాని, ఎప్పుడూ పరిశీలనగా చూడలేదు. యాభై దాటిన మనిషి, కాళ్లకు సాక్సులు, నేతచీర మీద ఎవరో వదిలేసిన స్వెటరు. పేరు ఎవరికీ తెలియదు. అందరికీ పిన్ని. వరస పెట్టి పిలవడం మన జాతి గొప్పదనమని నేను తరగతిలో చెప్పేవాణ్ణి. వరస పెడితే మనిషి దగ్గరవుతుందన్నాను. వరస పెడితే ఆ మనిషి జీతం అడగలేకపోతుందని కూడా చెప్పి ఉండవలసింది.

"పిన్నీ, మాస్టారుగారికి అప్పడాలు!" అంది ఉష. "మొహమాటపడకండి బాబాయిగారూ, అడిగి వేయించుకోండి."

"మీ పిన్నిని నాకు ఒక్క నెల అప్పివ్వవే ఉషా" అంది రేణు అనే పక్కవీధి ఆవిడ. "మా అత్తగారు దిగుతున్నారు. నేను ఆఫీస్ చూసుకోవాలా, ఆవిడ ఉప్మాలు చూసుకోవాలా?"

"అమ్మో! కావాలంటే టెస్లా తీసుకుపో. పిన్నిని ఇవ్వను."

అందరూ నవ్వారు. ఉషకు ఉత్సాహం వచ్చింది.

"ఈ వారం ఏమైందో వినండి. ఎవరో తెల్లావిడ నేను లేనప్పుడు వచ్చి మా పిన్నిని అడిగిందట, వీళ్లంటే నీకు భయమా అని! నాకు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? పాపం, తనే వచ్చి చెప్పేసింది. ఏదీ దాచుకోదు. ఏమందో తెలుసా? భయం కాదు, మొహమాటం అందట!"

మళ్లీ నవ్వులు. "అయినా అక్కా" అన్నాడు అమర్‌నాథ్, విస్తరిలోంచి తలెత్తి, "మీకు భయపడనివాళ్లు ఈ కాలనీలో ఎవరున్నారండీ? భీమశంకర్ గారే భయపడతారు!"

ఈసారి అందరికన్నా గట్టిగా భీమశంకర్ నవ్వాడు.

"ఫోన్‌లో తెలుగులో చెప్పింది ఎవరో ఆడావిడేనట. దమయంతీ, మీ ఏజెన్సీయేనా? ఎవరో కనుక్కోవే."

నేను దమయంతిని చూశాను. పిన్ని పులిహోర గిన్నెతో సరిగ్గా ఆమె వెనకే నిలబడి ఉంది. నాకు అప్పుడు అంతా తెలిసింది. ఈ ఇంట్లో, ఈ బల్ల దగ్గర, "ఇంకో అట్టు వెయ్యనామ్మా" అని ఎన్నిసార్లు అడిగిందో ఆ గొంతు. "చాలు పిన్నీ" అని ఎన్నిసార్లు జవాబు చెప్పిందో ఈ గొంతు. ఫోన్‌లో ఒకరినొకరు గుర్తుపట్టడానికి పేర్లెందుకు? తనను కాపాడడానికి వచ్చిన గొంతు ఉషగారి స్నేహితురాలిదని ఆమెకు తెలిసిపోయింది. సగం పలికిన మాట మింగేసింది. ఆపైన, దమయంతి చెప్పేలోగా తానే వెళ్లి యజమానురాలికి చెప్పుకుంది.

"చానా మంది ఉంటరక్కా" అంది దమయంతి. "దేశమంతా ఉంటరు. ఎవరో ఏమో."

పిన్ని ముందుకు వంగింది. "కొంచెం పులిహోర వెయ్యనామ్మా?"

"చాలు పిన్నీ" అంది దమయంతి. గరిటె అయినా వంగింది, పులిహోర పడింది. దమయంతి తింది. విస్తరిలో మెతుకు మిగల్చలేదు.

సోమవారం గడిచింది. గురువారమూ గడిచింది. శనివారం లైబ్రరీలో పిల్లలు వెళ్లిపోయాక అడిగాను.

"ఫోన్ చేశావా?"

"రెండుసార్లు క్లోజెట్ల కూసున్న మాస్టారూ. నంబర్ కొట్టిన. కట్ చేసిన." కొంతసేపు బల్లమీది పుస్తకాన్ని అటూ ఇటూ జరిపింది. "మా పాప స్కూల్ల స్పెల్లింగ్ బీ ఫైనల్ ఉంది మార్చిల" అంది, అది సమాధానమైనట్టు.

ఆమెను తప్పుపట్టగలిగేవాణ్ణని అనుకోను. అదే మార్చిలో పిన్నిని ఆష్‌బర్న్ పంపించారు. అక్కడ భీమశంకర్ చెల్లెలికి పురుడు. "వాషింగ్టన్‌లో చెర్రీపూలు చూపిస్తాం పిన్నికి, పాపం ఎప్పుడూ ఎక్కడికీ వెళ్లలేదు" అని ఉష అందరికీ చెప్పింది. ఆ తర్వాత వ్రతాల్లో గిన్నెలు మోయడానికి కేటరింగ్ వాళ్లు వచ్చేవారు. పిన్ని ఏమైందని అడిగినవాళ్లు లేరు, పులిహోర మునుపటిలా లేదని అన్నవాళ్లు ఉన్నారు.

ఇంత వెల పెట్టి కొన్న క్షేమం ఎన్నాళ్లు మన్నింది? ఆ శరత్కాలంలోనే భీమశంకర్ కంపెనీకి ఒక పెద్ద కాంట్రాక్ట్ పోయింది. అమర్‌నాథ్‌ను మంచి హోటల్‌కు భోజనానికి తీసుకెళ్లి, బిర్యానీ వడ్డించి, "మొహమాటం లేకుండా చెబుతున్నాను తమ్ముడూ" అని మొదలుపెట్టాడట. మొహమాటం లేకుండా మాట్లాడడం పెద్దమనిషికే సాధ్యమని అమర్‌నాథ్ నాతో అన్నాడు. నవ్వుదామని చూశాడు గాని మొహం సహకరించలేదు. ఉద్యోగం పోయింది. ఆ అరవై రోజుల గడువు ముగియబోతుండగా న్యూజెర్సీలో ఎక్కడో చిన్న కంపెనీ తీసుకుంది. ఇల్లు అమ్మారు.

వెళ్లే ముందు దమయంతి వచ్చింది. దుబాసీ పని మానేసిందట. "క్లోజెట్ తలుపు తీస్తే వాసనొస్తది మాస్టారూ." ఏం వాసనని నేనడిగాను. "పులిహోర" అంది. నా గొడుగు మీద చెయ్యి వేసి, "ఆ రోజు ఇస్తే తీసుకపోలే కదా" అని, ఈసారి తీసుకువెళ్లింది.

ఆమె గురించి మా కాలనీలో ఇప్పుడు ఎవరినడిగినా మంచి అమ్మాయి, నెమ్మదస్తురాలు, ఎవరితోనూ పేచీ లేదు అంటారు. నిజమే. ఆ ఫోన్‌లో ఆమె ఒక్క అబద్ధం చెప్పలేదు, ఒక్క మాట కలపలేదు, వదలలేదు. నియమాలన్నిటిలో ఒక్కదాన్ని తప్పింది, అదీ మౌనంగా. మన వాళ్లలో ఎక్కువమంది పాపాలు ఇలాంటివే. ఎత్తవలసిన చోట చెయ్యి ఎత్తకపోవడం. దానికి శిక్ష వేసే న్యాయస్థానం లేదు కనుక ఆ కేసు ఎప్పటికీ కొట్టివేయబడదు.

ఆరేళ్లు దాటాక, 2024 నవంబరులో, న్యూజెర్సీలోని ఐసెలిన్ ముద్రతో ఒక కవరు వచ్చింది. మాట్లాడేటప్పుడు జగిత్యాలను దాచుకోని దమయంతి, రాసేటప్పుడు నా తరగతిని మరచిపోలేదు. ఒక్క ఒత్తు జారలేదు. ఆ ఉత్తరం ఇది.

"పూజ్యులైన మాస్టారికి,

నమస్కారాలు. మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? లలిత బాగుందనుకుంటాను. మా పాప కాలేజీలో చేరింది. ఆయన ఉద్యోగం నడుస్తోంది. గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు, ఎదురుచూడడం అలవాటయింది.

కిందటి వారం ఓక్ ట్రీ రోడ్డులో ఒక టిఫిన్ సెంటర్‌కు వెళ్లాను. పెసరట్టు తిన్నాను. మొదటి ముద్దకే చెయ్యి ఆగిపోయింది. లేచి వెనక్కి వెళ్లి, వంటగది తలుపు తోశాను. పెనం ముందు ఆమె ఉంది. ఆమె పేరు కృష్ణకుమారి. ఆ రోజు ఫోన్‌లో మొదటి ప్రశ్నే పేరు కనుక నాకు తెలుసు. మీకెవరికీ చెప్పలేదు.

ఎలా బయటపడిందో ఆమే చెప్పింది. ఆష్‌బర్న్‌లో పసిబిడ్డను తోపుడుబండిలో తిప్పడానికి పార్కుకు పంపేవారట. అక్కడ రోజూ ఒక తమిళ ముసలావిడ ఎదురయ్యేది. ఈమెకు తమిళం రాదు, ఆమెకు తెలుగు రాదు. బిడ్డను చూసి నవ్వుకునేవారు, అంతే. ఒకరోజు ఈమె బెంచీ మీద ఏడుస్తుంటే ఆవిడ పక్కన కూర్చుని ఒకే మాట అడిగిందట: 'బయమా?' ఈమె 'భయమే' అంది. మరునాడు ఆవిడ కొడుకు వచ్చి తీసుకువెళ్లాడు. కాగితాలు తేలడానికి ఏళ్లు పట్టింది గాని, ఇప్పుడు తన పేరుమీద తనకు గది ఉంది.

మాస్టారూ, మీరు అద్దె దుస్తులన్న మాటే ఆమెను కాపాడింది. అర్థం చెప్పడానికి నడుమ ఎవరూ లేకపోవడం వల్ల కాపాడింది. నేను బెరుకునూ జంకునూ గుబులునూ విడదీసి చూపగలిగేదాన్ని. ఆ ఫోన్‌లో నాకున్నది వృత్తిధర్మం అనుకున్నాను, కొన్నాళ్లు మొహమాటమనుకున్నాను. మా అమ్మ మాట మీకు గుర్తుందా? అదే. ఇల్లంతా ఉంటుందన్నానే, అది.

ఇదంతా ఆమె నన్ను చూడగానే చెప్పలేదు. నేను తలుపు తోసినప్పుడు ఆమె గరిటె కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, గోడ వైపు ఒక అడుగు వెనక్కి వేసింది. తన వంటగదిలో, తన పెనం ముందు, ఇన్నేళ్ల తర్వాత. 'ఉషమ్మగారు బాగున్నారామ్మా?' అంది. ఆ గొంతులో మొహమాటం లేదు. నేను ఉషగారిని చూసి ఏళ్లయిందనీ, నేనెవరికీ చెప్పననీ ఎంత చెప్పినా చాలాసేపు ఆమె చూపు నా భుజం మీదుగా తలుపు వైపే ఉంది, నా వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని.

భయపడేవాళ్లకు మీరు ఇన్ని మాటలు చెప్పారు. ఒక మనిషి మనల్ని చూసి భయపడిందని మనకు తెలిసిన క్షణంలో మనలో కలిగేదానికి ఒక్క మాటా చెప్పలేదు. ఉంటే రాయండి. లేకపోతే లేదని రాయండి.

అట్లకు డబ్బు తీసుకోనంది, ఇంకొకటి వెయ్యనా అంది. 'చాలు పిన్నీ' అనబోయి, పేరు పెట్టి పిలిచాను. అప్పుడు కూడా ఉలిక్కిపడింది.

మీ గొడుగు నా దగ్గరే ఉంది.

మీ విద్యార్థిని,
దమయంతి"